ఒక పెచ్చు తక్కువ

తుర్కానా సరస్సుకు తూర్పున
ఎండే నీడ వెతుక్కునే వేళ
జల్లెడ పడుతోంది స్యోంబువా.
మట్టి జారిపోతుంది. చేప ముళ్లు, మేక పెంటికలు,
ఎవరిదో చొక్కా గుండీ మిగులుతాయి.
ఒక్కోరోజు అవీ మిగలవు.

గుడారంలో బల్ల మీద ఒక రాయి ఉంది,
ముప్పై ఏడు పెచ్చుల రాయి.
పద్దెనిమిది లక్షల ఏళ్ల కిందట ఎవరో పగలగొడితే
ఈమె మూడు వానాకాలాలు కూర్చుని అతికించింది.
ఏ ముక్క ఎక్కడిదో నీకెలా తెలుసని
చదువుకున్నవాళ్లు అడిగారు.

"మా నాన్న వమున్యులో జిరాఫీలు చెక్కేవాడు.
ఉలి తమ్ముళ్లకిచ్చాడు,
చీపురు నాకిచ్చాడు.
చెక్కపేళ్లు ఊడ్చి ఊడ్చి,
మెడ దగ్గర లేచినదేదో
కాళ్ల సందులోంచి రాలినదేదో
చీకట్లో తడిమి చెప్పేదాన్ని.
బొమ్మలు ఓడెక్కి పోయాయి.
వాటి ఒంపులన్నీ నా చేటలో ఉండిపోయాయి."

గుడారం గుడ్డకి వేలాడే పటంలో ఒక చెట్టు.
కొమ్మకొమ్మకీ పుర్రెలు కాశాయి.
మన కొమ్మ దాకా గట్టిగా వచ్చిన గీత
ఆ రాయి కొట్టినవాడి దగ్గర
చుక్కలు చుక్కలై తడబడుతుంది.
పక్కన పెన్సిల్‌తో ఒక ప్రశ్నార్థకం.
చెరిపి, పెట్టి, మళ్లీ చెరిపి
కాగితం అక్కడ పల్చబడింది.

రాత్రి భోజనాల దగ్గర రోజూ అదే తగువు.
పనితనం చూసి మన ఇంటిపేరు పెట్టారట వాడికి,
హోమో హాబిలిస్ అని, చేతిపని తెలిసినవాడని.
ఇప్పుడు కొందరు ఆ పేరు వెనక్కి ఇప్పించమంటున్నారు.
మెదడు చాలదని ఒకరు,
చేతులు మరీ పొడుగని ఒకరు,
చెట్టు దిగీ దిగనివాడికి ఇంటిపేరేమిటని మరొకరు.
తర్వాత వచ్చిన నిటారు మనిషి
వీడి కొడుకు కాకపోవచ్చు,
ఇదే ఒడ్డున ఇవే నీళ్లు తాగిన
పొరుగువాడే కావచ్చునని
ఓ దవడ ఎముక సాక్ష్యం చెబుతోందట.

మరి మనకి ఏ వరస?
తాతా? తాతకి అన్నా?
పిల్లల్లేకుండా పోయిన చిన్నతాతా?
వరస తెలియనివాణ్ణి
ఏమని పిలిచి కూర్చోమంటాం?

ముథొకోయి వండిన గిన్నె తోముతూ
స్యోంబువా వింటుంది, ఏమీ అనదు.
ఆమెకి వరస తెలియదు.
దెబ్బలు తెలుసు.

మొదటి పదకొండూ ఒకే చేతివి.
రాయిని తిప్పుకుంటూ, బతిమాలుకుంటూ,
అంచు ఎక్కడ ఒప్పుకుంటే అక్కడే.
పన్నెండో దెబ్బ వేరు.
అదే చోట నాలుగుసార్లు,
రాయి ససేమిరా అన్న కోణంలో,
మొండిగా.
నలిగి నలిగి ఆ అంచు
పలక మీద దిద్దీ దిద్దీ లావెక్కిన
అక్షరంలా ఉంటుంది.
ఆ తర్వాత పాత చెయ్యి మళ్లీ వచ్చి
ఒక్క దెబ్బతో ఆ తప్పుని ఎగరగొట్టింది.
తిట్టిందో, ముద్దాడిందో
రాయి చెప్పదు.

ముప్పై ఎనిమిదో పెచ్చు మాత్రం దొరకలేదు.
అన్నిటికంటే వెడల్పైనది, పదునైనది.
అది ఉండాల్సిన చోట
రాయిలో ఒక గుంట.

నీళ్ల కోసం వచ్చిన గాబ్రా పిల్లవాడు కటెలో
అడక్కుండానే అందులో బొటనవేలు పెట్టాడు.
సరిపోయింది.
"ఇక్కడిది ఎవరు పట్టుకెళ్లారు?"

"పని ఉన్నవాళ్లు."

"మీవాళ్లా?"

స్యోంబువా పటం వైపు చూసింది.
పల్చబడ్డ కాగితంలోంచి
ఇంత వెలుగు వస్తోంది.
"గాలి లేస్తోంది, మేకల్ని చూసుకోపో," అని
డబ్బా నిండా నీళ్లు పోసి
మళ్లీ జల్లెడ అందుకుంది.